పాతకారు - బీమాసొమ్ము



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు సంధులును సమాసములును బోధించిన వానికి మోటారుకార్లతో నేమి పని యని మీకు సందేహము కలుగవచ్చును. సందేహము సహజమే. నాకు కారు నడుపుట రాదు. సైకిలు మాత్రము వచ్చును. అయినను బంధుమిత్రులలో నెవరికైన నర్థము కాని కాగితము వచ్చినచో దానిని నాయొద్దకే తెత్తురు. పండితుడనగా దేనికైనను అర్థము చెప్పగలవాడని మన పల్లెలలో నొక నమ్మకము. ఆ నమ్మకమువలన 2023 మొదలుకొని మూడు కార్ల బీమావ్యవహారములు నా చేతిమీదుగా నడచినవి. ఒకటి భూపాలపల్లి ప్రాంతమున, ఒకటి మానుకోట ప్రాంతమున, ఒకటి మా జనగామలో. వానివలన నేను తెలిసికొన్న సంగతులను నేడు మీకు మనవి చేసెదను. మీ యిండ్లలోను తండ్రులనాటి బండి యేదో యొకటి పాకలో నుండకపోదు.

మొదటిది మా మేనమామగారి అంబాసిడరు. కలకత్తాకు సమీపమున ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు, ఇంగ్లండుదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా ననుసరించి చేసిన బండి యది. ఆ బండ్ల తయారి 2014 లో నిలిచిపోయినది. మామగారు దానిని 1972 లో కొనిరి. ఆనాడు చుట్టుప్రక్కల పది గ్రామములకు నదియొక్కటే కారు. కాన్పు కష్టమైన స్త్రీని వరంగల్లు ఆస్పత్రికి చేర్పవలసినను, పెండ్లికుమారుని విడిదికి తేవలసినను ఆ బండియే దిక్కు. 1979 గోదావరిపుష్కరములకు కాళేశ్వరము పోయినప్పుడు ఐదుగురు పట్టు ఆ బండిలో తొమ్మండుగురము కూర్చుంటిమి. నేను మా అక్కగారి ఒడిలో సగమును, తలుపుమీద సగమునుగా పోయితిని. మామగారు 2016 లో గతించిరి. వారి కుమారుడే మా అక్కగారి భర్త. మా బావగారు తండ్రిగారి బండిని బిడ్డవలె సాకుచు వచ్చిరి. వారి గ్రామము మోరంచవాగునకు దగ్గఱ.

2023 జులై 27 నాటి వఱద మీయందఱకును జ్ఞప్తి యుండును. ఆ యొక్క యహోరాత్రములో ములుగుజిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లును, భూపాలపల్లిజిల్లా చిట్యాలలో 61.65 సెంటీమీటర్లును వాన కురిసెను. మోరంచపల్లి గ్రామమంతయు నీట మునిగెను. జనులు ఇండ్లకప్పులమీదికి, చెట్లమీదికి ఎక్కి ప్రాణములు గుప్పిట పట్టుకొని యుండగా హెలికాప్టర్లతోను పడవలతోను వారిని గట్టునకు చేర్చిరి. కొందఱు కొట్టుకొనిపోయిరి. మనుష్యులు పోయినచోట కారును గూర్చి మాటాడుట యల్పత్వముగా తోచును. మా బావగారును మూడు దినములు దాని పేరెత్తలేదు. నాల్గవనాడు పాక తలుపు తెఱచి చూడగా, ఒండ్రుమట్టిలో కూరుకొని, కిటికీల మీదివఱకు బురదచాఱ లేర్పడి, బండి నిలిచి యున్నది.

హైదరాబాదునుండి వచ్చిన మా మేనల్లుడు ఆతురుడై లోపలికి చేయి చాచి తాళముచెవి త్రిప్పబోయెను. మామగారినాడు డ్రైవరుగా పనిచేసిన వృద్ధుడొకడు, ఊతకఱ్ఱతో నడచువాడు, అక్కడనే యుండి "బాబూ! ముట్టకు, ముట్టకు" అని కేక వైచి, ముందుగా బ్యాటరీతీగ నూడదీయించెను. ఆ కేకయే మా కొంప నిలిపినది. ఎట్లనగా, ఇంజనులోపల గాలియు పెట్రోలుఆవిరియు చేరగా పిస్టను వానిని నొక్కును. గాలి నొక్కినకొలది కుదించుకొనును. నీరట్లు కుదించుకొనదు. కావున నీరు చొచ్చిన యింజనును త్రిప్పినచో, పిస్టనును మోయు ఇనుపకడ్డీ వంగిపోవును, లేదా విఱుగును. దానిని కనెక్టింగురాడ్డందురు. అది విఱిగినచో ఇంజను ప్రక్కలనే చీల్చుకొని బయటికి వచ్చుటయు కలదు.

ఇది యంత్రశాస్త్రపు మాట మాత్రమే కాదు, బీమావారి తర్కశాస్త్రపు మాటయు నైయున్నది. ఇంజనులో నీరు చేరుట వఱదవలని నష్టము. నీరు చేరినదని తెలిసియు త్రిప్పగా కడ్డీ వంగుట తరువాత కలిగిన నష్టము. పాలసీలో దానిని పర్యవసాననష్టమని పేర్కొని, దానికి సొమ్మీయమని ముందే వ్రాసియుందురు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మానుకోటజిల్లాలో ఆకేరువాగు పొంగి రహదారులు తెగినవి. కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుపట్టాలక్రింది కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఆనాడు ఆ ప్రాంతమున నాతో పనిచేసిన యుపాధ్యాయమిత్రు డొకరి కారు ఇంటిముంగిట మోకాలిపైకి నీటిలో నిలిచెను. కారు పాతది గాదు, పట్టుమని యాఱేండ్లది. నీరు తీసిన మఱునాడు ఆయన "చూతమా" యని తాళము త్రిప్పిరి. టప్పుమని యొక శబ్దము, అంతే. ఇంజను బాగుచేయుటకు లక్షకు పైగా నగునని గ్యారేజివారు చెప్పిరి. సంస్థవారు లోపల కడుగుటకును, సీట్లకును, తీగలకును సొమ్మిచ్చి, ఇంజనుమాట కొట్టివేసిరి. ఆయన నాయొద్దకు వచ్చి, "వఱదే రాకున్న నేను త్రిప్పియుందునా?" యని వాదించిరి. న్యాయమైన ప్రశ్నయే. కాని పాలసీలో వ్రాసినదానిని మేమిద్దఱము నాలుగుమాఱులు చదివితిమి; ఆ ప్రశ్నకు దానిలో చోటు కనబడలేదు. ఇంజనుకు ప్రత్యేకరక్షణ యని యొకటి యదనపు ప్రీమియముతో నిత్తురు. అది సాధారణముగా క్రొత్తబండ్లకే లభించును. పాతబండ్లకు ఉన్న రక్షణ యెల్ల తాళమును ముట్టకుండుటయే.

మఱల మా బావగారి బండికి వత్తము. పాలసీకాగితమును తడియార్చి నాకు చూపిరి. నేను మొదట చూచినది అది యే తరగతిదని. ఏలయనగా "బండికి బీమా యున్నది" అను మాటకు రెండర్థములు కలవు. 1988 నాటి మోటారువాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము ప్రతిబండికిని తప్పనిసరియైనది పరులకు కలుగు నష్టమునకు సంబంధించిన బీమా మాత్రమే. దీనినే థర్డుపార్టీ యందురు. నీ బండి యొకరిని గ్రుద్దినచో వారికి సొమ్ము ముట్టును. నీ బండి వఱదలో పోయినచో నీకు చిల్లిగవ్వ రాదు. స్వనష్టమునకు గూడ వర్తించు సమగ్రపాలసీలోనే అగ్ని, పిడుగు, దొంగతనము, అల్లరులు, భూకంపము, తుఫాను, వఱద, కొండచఱియలు విఱిగిపడుట మున్నగునవి చేరును. ఆ వాడలోనే మునిగిన మఱి రెండుకార్ల యజమానులు ఏటేట బీమా కట్టుచుండిరి గాని, కట్టినది థర్డుపార్టీ మాత్రమేయని వఱద తీసిన పిదపనే వారికి తెలిసినది. బావగారిది సమగ్రమే. పదునైదేండ్లు దాటిన బండికి సమగ్రపాలసీ యిచ్చుటకు అనేకసంస్థలు వెనుకాడును. ఈ సంస్థవారు బండిని కన్నులారా చూచి యిచ్చియుండిరి.

తరువాత చూచినది పేరు. మామగారు గతించిన నెలలోపలనే మా అక్కగారు ఆర్.సి. పుస్తకమును, పాలసీని తన భర్తపేరికి మార్పించువఱకు ఆయనను నిద్రపోనీయలేదు. ఆనాడు మేమందఱము నవ్వితిమి. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగా మా జనగామ సంగతి చెప్పవలసియున్నది. ఇచట నొక మిత్రుని యింట బొంబాయి ప్రీమియరువారి పద్మిని కారుండెడిది. అతని తండ్రిగారు 2020 లో కాలము చేసిరి. కుమారుడు తండ్రిమీది భక్తిచే ఆ పేరు తుడిచివేయ మనసొప్పక, ఏటేట ఆ పేరుమీదనే పాలసీని ఫోనులో పునరుద్ధరించుచు వచ్చెను. 2024 వేసవి గాలివానకు ఇంటిముందఱి వేపచెట్టు కూలి కారుకప్పు అణగిపోయెను. సంస్థవారు మరణపత్రము తేదీ చూచి క్లెయిమును నిరాకరించిరి. యజమాని మరణించినచో పాలసీ తక్షణమే చెడదు గాని, మూడునెలలు, లేక దాని గడువు ముగియువఱకు, ఈ రెంటిలో నేది ముందైన దానివఱకు మాత్రమే నిలుచునని షరతు కలదు. ఆలోపల వారసుడు మరణపత్రమును, వారసత్వపు ఋజువును, మూలపాలసీని తీసికొనిపోయి పేరు మార్పించుకొనవలెను. నాలుగేండ్లు చెల్లించిన ప్రీమియము మాటయేమి యని నేను కూడ వ్రాసితిని. లేనివానితో కరారు పొసగదని సమాధానము వచ్చెను. వ్యాకరణమున కర్త లోపించినను క్రియ నడచును, ఇచట నడువలేదు. కారునకు దమ్మిడీ రాలేదు. చెట్టు మాత్రము వంటచెఱకై యొక యేడు వచ్చినది.

ఇక మూడవది, ముఖ్యమైనది, పాలసీలో వ్రాసిన బండివిలువ. దీనిని ఐ.డి.వి. యందురు. బండి సమూలముగా నశించినచో సంస్థ యీయవలసిన మొత్తమునకు హద్దు అదియే. క్రొత్తబండికి ఈ విలువ యేటేట తగ్గుటకు పట్టిక యున్నది: ఆఱునెలల లోపల నూటికి ఐదు, ఏడాదిలోపల పదునైదు, పిదప ఇరువది, ముప్పది, నలువది, నాలుగునుండి ఐదేండ్ల నడుమ ఏబది. ఐదేండ్లు దాటిన పిదప పట్టిక లేదు. అప్పుడు సంస్థయు యజమానియు నొకరితోనొకరు మాటాడికొని విలువను నిర్ణయింపవలెనని నియమము. మాటాడికొని యను నీ పదమును దయతో గుర్తుంచుకొనుడు. మా బావగారు ఏడేండ్లలో నొక్కమాఱైన మాటాడలేదు. ఏజెంటు వచ్చును, "విలువ తక్కువ వ్రాసిన ప్రీమియము తక్కువ" యనును, వీరు సంతకము చేయుదురు. అట్లు వ్రాయగా వ్రాయగా 2023 నాటికి ఆ బండివిలువ 60,000 రూపాయలు. ఏటికి కొన్నివందల రూపాయలు మిగిలినమాట నిజమే.

సర్వేయరు వచ్చెను. ఏబదివేల రూపాయలు మించిన మోటారునష్టమును లైసెన్సుగల సర్వేయరే మదింపు చేయవలెనని నియమము. ఆయన కూలి సంస్థవారే యిత్తురు, మనమేమియు నీయనక్కఱలేదు. ఆయన మర్యాదస్థుడు, బురదలో కూర్చుండి రెండుగంటలు చూచి ఫోటోలు తీసికొనెను. మేమును మా ఫోటోలు తీసియుంటిమి. గోడమీది నీటిచాఱ, బండిమీది నీటిచాఱ ఒక్కయెత్తున నున్నట్లు కనబడునట్లు తీయుమని నేనే మేనల్లునికి చెప్పితిని. బండిని కడుగుటకు తొందరపడవలదనియు చెప్పితిని. కడిగినబండి వఱదకు సాక్ష్యమీయదు.

గ్యారేజివారి అంచనా 80,000 రూపాయలు: లోహపు భాగములు 40,000, రబ్బరు, బ్యాటరీ, టైర్లు, సీట్లతొడుగులు మొదలగునవి 16,000, కూలి 24,000. సంస్థ యీ మొత్తము నంతయు నీయదు. క్రొత్తసామాను వేసినప్పుడు పాతదాని తరుగును తీసివేయును. పదియేండ్లు దాటిన బండికి లోహపు భాగములపై సగము తరుగు, రబ్బరు, ప్లాస్టిక్కు, బ్యాటరీలకు బండి వయస్సుతో పనిలేకయే సగము, అద్దములకు తరుగు లేదు, కూలికిని లేదు. ఈ లెక్కను 40,000 లో 20,000, 16,000 లో 8,000, కూలి 24,000, వెరసి 52,000. బాగున్నదిగదా యనుకొంటిమి. కాని యింకొక నియమమున్నది. బాగుచేయు ఖర్చు, వ్రాసిన విలువలో నూటికి 75 పాళ్లు మించినచో, బండి సమూలముగా నశించినట్లే భావింతురు. అఱువదివేలలో నూటికి 75 అనగా 45,000. మా లెక్క 52,000. కావున మా కన్నులయెదుట నిలిచియున్న బండి కాగితముమీద మరణించినది.

సంస్థవారి మాట యిది: 60,000 లో తప్పనిసరిగా తగ్గింపవలసిన 1,000 పోగా 59,000 తీసికొని బండిని మాకప్పగింపుడు. 1500 సి.సి. లోపలి కార్లకు ఆ తగ్గింపు వెయ్యియే; అంబాసిడరు ఇంజను 1489 సి.సి. బండిని మీరే యుంచుకొందురా, శకలము విలువగా 30,000 తగ్గించుకొని 29,000 ఇత్తుము. శకలమును వారు సాల్వేజి యందురు.

బావగారు ఆ యుత్తరమును పట్టుకొని చాలసేపు మౌనముగా నుండిరి. పిదప "బావా, మా నాయన శవమునకు ధర కట్టినట్లున్నది" అనిరి. అక్కగారు లోపలినుండి, "శవమేమి, బండి పాకలోనే యున్నదిగదా, తమ్ముడా, ఆ ముప్పదివేలు ఎట్లు వచ్చినవో యడుగు" అనెను. లౌకికజ్ఞానములో మా యింట నామెయే పెద్ద.

అడిగితిమి. సర్వేనివేదిక ప్రతిని కోరుచు ఉత్తరము వ్రాసితిమి. అడిగినవారికి దాని నీయవలసినదే. శకలమున కెంత హెచ్చు విలువ కట్టిన మన చేతికి వచ్చు సొమ్ము అంత తగ్గునని అప్పుడు బోధపడినది. పాతయినుము కొనువారు ఇద్దఱు బండిని చూచి, ఆర్.సి. తోసహా 20,000 అని యొకరు, 22,000 అని యొకరు వ్రాసి సంతకములు చేసి యిచ్చిరి. వానిని జతపఱచి, వఱద యని మొఱపెట్టక, మామగారి కథయు చెప్పక, అంకెలు మాత్రమే చూపుచు నొక పుటలో అర్జీ వ్రాసితిని. ఇది నాకు కష్టమైన పని. మా విద్య విశేషణములను చేర్చుట నేర్పినది గాని తీసివేయుట నేర్పలేదు. ఆఱువారములకు జవాబు వచ్చెను. శకలమునకు 22,000 ఒప్పుకొని 37,000 ఇచ్చిరి. ఆర్.సి. పుస్తకమును మేమే నిలుపుకొనుచున్నామని ఆ కాగితములో స్పష్టముగా వ్రాయించితిమి. ఆ మాట లేనిచో బండి బాగుపడినను రహదారి యెక్కుటకు చిక్కు.

బాగుచేయుటకు 80,000 అయినది. చేతినుండి పడినవి 43,000. ఆ విలువ మొదటనే రెండులక్షలుగా వ్రాయించియుండినచో నేమగును? రెండులక్షలలో నూటికి 75 అనగా లక్షయేబదివేలు. 52,000 దానికెంతో లోపల. అప్పుడు బండి మరణించినట్లు కాదు; వెయ్యి పోగా 51,000 వచ్చియుండును, శకలము మాటయే యుండదు. సర్వేయరు తప్పుచేయలేదు. సంస్థయు నియమము తప్పలేదు. మా సొమ్ము మోరంచవాగులో పోలేదు, ఏడేండ్లు చదువక చేసిన సంతకములలో పోయినది. గతజలసేతుబంధన మన్నట్లు, వాగు వచ్చిపోయిన పిదప నేనెంత చక్కగా అర్జీ వ్రాసినను ఎనిమిదివేలు మాత్రమే మరల్పగలిగితిని.

మఱి పాతబండి విలువ నెట్లు ఋజువు చేయుట? "మా తాతనాటిది, అమూల్యము" అన్నచో, అమూల్యమనగా మూల్యము లేనిదని వారు పదచ్ఛేదము చేయుదురు. బీమాలైసెన్సుగల మదింపుదారుచేత బండిని చూపించి పత్రము పొందవచ్చును. అట్టి బండ్లు అమ్ముడుపోయిన ధరలను చూపవచ్చును. అన్నిటికంటె మేలైనవి బాగుచేయించిన రసీదులు. మా బావగారు వఱద తరువాత దీపముల చుట్టుకమ్ములను పెంబర్తి లోహకారునిచేత కొట్టించిరి. పెంబర్తివారి పనితనము జగద్విదితము. కాని రసీదు వ్రాయు నలవాటు వారికెక్కడిది? నేనే కాగితముపై తేదీ, పని, మొత్తము వ్రాసి ఆయనచేత సంతకము పెట్టించితిని. చేతివ్రాతయైనను రసీదు రసీదే.

విలువను ముందుగనే యొప్పుకొని, బండి నశించినచో తరుగు లేకుండ ఆ మొత్తమునే యిచ్చు పాలసీ యొకటి కలదు. పాత మోటారుతారీఫులో 1940 డిసెంబరు 31 కి పూర్వము తయారైన, పాతకార్ల సంఘమువారు ధ్రువపఱచిన బండ్లకే దానిని పరిమితము చేసిరి. చౌమహల్లాప్రాసాదములో నేడు చూడబడు నిజాముగారి 1912 నాటి రోల్స్‌రాయిస్ వంటివానికి తగునది. మన అంబాసిడర్లకు అది యందదు. స్వనష్టబీమాకు ఆ తారీఫుధరల నిర్బంధము 2007 లో తొలగినది గనుక, అడిగి చూచుటలో తప్పులేదు.

2021 లో కేంద్రప్రభుత్వమువారు వేఱొక నియమము చేసిరి. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని బండిని వింటేజి బండిగా రిజిస్టరు చేయించుకొనవచ్చును. రుసుము 20,000, నంబరులో వి.ఏ. యను ప్రత్యేకాక్షరములు వచ్చును, పదియేండ్లు చెల్లును. గౌరవముగా నున్నదని నేను బావగారికి చెప్పితిని. పూర్తిగా చదివిన పిదప తెలిసినదేమనగా, అట్టి బండిని ప్రదర్శనలకును, ర్యాలీలకును, పెట్రోలునకును, మరమ్మతునకును తప్ప నిత్యసంచారమునకు నడుపరాదు. "కాళేశ్వరము పోరాని బండి నాకేల, బావా? బొమ్మలకొలువులో పెట్టుకొందునా?" అని వారు నిరాకరించిరి. సాధారణపు ఆర్.సి. నే ఐదేండ్లకొకమాఱు పునరుద్ధరించుకొనుచున్నారు. ఆ తేదీ దాటనీయరాదు. దాటినబండికి బీమావారు వంకపెట్టుట సులభము.

కాలవిషయమును త్వరగా చెప్పెదను. మా వ్యవహారము మూడునెలలు సాగినది. 2024 జూనులో బీమానియంత్రణసంస్థవారి యుత్తరువు ప్రకారము, తెలియజేసిన 24 గంటలలో సర్వేయరును నియమింపవలెను. ఆయన 15 దినములలో నివేదిక యీయవలెను. అది చేరిన 7 దినములలో సంస్థ తీర్మానింపవలెను. తృప్తి కలుగనిచో మొదట ఆ సంస్థకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, నెలదినములలో జవాబు రాకున్నను, వచ్చినది నచ్చకున్నను, ఏడాదిలోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు వ్రాసికొనవచ్చును. రుసుము లేదు, వకీలు నక్కఱలేదు. ఏబదిలక్షలవఱకు వారు విచారింపగలరు. మానుకోట మిత్రుడు ఇంజనుమాట పట్టుకొని అచటికి పోదునా యని నన్నడిగిరి. పొమ్మంటిని, కాని తాళము త్రిప్పితినని తానే ఫారములో వ్రాసియుండుటచే ఆశ పెట్టుకొనవలదంటిని. ఆయన పోలేదు. పోవలసినదేమో యని నాకిప్పటికిని సందేహము కలదు.

మఱుసటియేడు పాలసీ పునరుద్ధరణనాడు బావగారు నన్ను వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోయిరి. విలువ యెంత వ్రాయమందురని అధికారి యడిగెను. రెండులక్షలనిరి. ఆ యువకుడు చిఱునవ్వుతో "ఈ కాలములో దీనికి రెండులక్షలెవ్వరిత్తురండీ?" అనెను. బావగారు మాటాడక సంచి విప్పి, మదింపుపత్రము, ఫోటోలు, గ్యారేజిబిల్లులు, పెంబర్తి రసీదు వరుసగా బల్లమీద పేర్చిరి. అతడు ఒక్కొక్కటి చూచి, లోపలికి పోయి, అరగంటకు వచ్చి, బండిని మఱియొకమాఱు చూచి లక్షయెనుబదివేలకు ఒప్పుకొనెను. ప్రీమియము హెచ్చినది. బావగారు ఏజెంటును తలంచుకొనుచు ఆ సొమ్ము కట్టిరి.

2025 మే నెలలో కాళేశ్వరమున సరస్వతీపుష్కరములు వచ్చినప్పుడు మేమాబండిలోనే పోయితిమి. ఈమాఱు నలుగురమే, అందఱకును కూర్చుండ చోటున్నది. మోరంచవాగు వంతెనమీదికి వచ్చునప్పటికి అడుగున సన్నని ధార మాత్రమే పాఱుచున్నది. బావగారు బండిని కొంచెము నెమ్మది చేసి అటు చూచిరి. వెనుకనుండి మా అక్కగారు, "వాగును పిదప చూడవచ్చును గాని, కాగితములు పెట్టెలో పెట్టితిరా?" అని యడిగెను.